శాస్త్రకల్పిత కథలును ధర్మవిచారమును

వింతయంత్రములను, భావికాలమును గూర్చిన కథలను మీరు మిక్కిలి మక్కువతో చదువుచున్నారు. అవి కాలక్షేపమునకు మాత్రమే పనికివచ్చునని పెద్దలలో కొందఱు తలంతురు. వానియందొక గొప్ప పాఠము గలదని మా యభిప్రాయము. అదియేదో యిచట విచారింతము.

1818వ సంవత్సరమున ఆంగ్లదేశమున మేరీ షెల్లీ యను నామె రచించిన "ఫ్రాంకెన్‌స్టైన్" అను నవల వెలువడెను. రచన నారంభించునప్పటి కామెకు పదునెనిమిదేండ్లు. అందు విక్టర్ అను విద్యార్థి మృతశరీర భాగములతో నొక ప్రాణిని నిర్మించి, దాని వికృతరూపమును జూచి భయపడి పాఱిపోవును. ఆ ప్రాణి పుట్టుకతోనే క్రూరమైనది కాదు. ఎల్లరును అసహ్యించుకొని తఱుముటచేత నట్లయ్యెను. విక్టర్ దోషము సృష్టించుటయా, సృష్టించినదానిని విడిచిపెట్టుటయా? రసాయనశాస్త్రము దీనికి బదులు చెప్పజాలదు. విక్టర్ మనస్సున బ్రవేశించి చూచినగాని మనకును తోపదు. కథ చేయు నుపకార మిదియే.

2024లో వెలువడిన నాగ్ అశ్విన్ గారి "కల్కి 2898 ఏ.డీ." చిత్రమున భావికాలపు కాశీనగరము ఎండి యుండును. సంపదలన్నియు ఆకాశమున నున్న "కాంప్లెక్స్" వారి యధీనములు. భైరవ యను వీరుడు తానందు జేరుటకై ధనము గూర్చుకొనుచుండును. తానొక్కడు సుఖపడిన జాలునా యనునది అచటి ప్రశ్న.

నల్లగొండ సీమవారి కిది వట్టి కట్టుకథ కాదు. ఇచటి రాళ్లలోని ఫ్లోరైడు భూగర్భజలమున గరగును. ఆ నీరు కంటికి తేటగానే యుండును. ప్రపంచ ఆరోగ్యసంస్థవారు విధించిన మితి లీటరునకు 1.5 మిల్లీగ్రాములు. అది మించిన నీటిని త్రావుచు పెరిగిన బిడ్డల పండ్లకు గార పట్టును. మిక్కుటమైనచో నెముకలు వంగును. మఱ్ఱిగూడ, మునుగోడు ప్రాంతములవా రీ బాధను తరతరములు అనుభవించిరి. నాగపూరు పరిశోధకులు 1970 దశకమున సున్నము, పటిక, బ్లీచింగు పొడి కలిపి నీటిని తేర్చి వడగట్టు విధానమును రూపొందించిరి. దానికి "నల్లగొండ పద్ధతి" యని పేరు. అయితే పటిక కొలత నీటినిబట్టి మార్చవలెను. అడుగున దిగిన మడ్డిని జాగ్రత్తగా తొలగింపవలెను. ప్రతిదినము ఒకరు శ్రద్ధ వహింపవలెను. శాస్త్రము దారి చూపును, నడువవలసినవాడు మనుష్యుడే. 2016లో ఆరంభమైన మిషన్ భగీరథచే నదీజలములు గొట్టముల ద్వారా పల్లెలకు వచ్చెను. కాని వంగిన యెముకలు తిరిగి నిటారు కాలేదు.

ఇక మీరొక కథ వ్రాయుడు. పాలమూరు సీమలో నొక పల్లె. భావికాలపు యంత్రమొకటి దినమునకు నలువది బిందెల మంచినీరిచ్చును, ఇండ్లు అఱువది. పట్టికలో పేరున్నవారికే నీరు. తాళపుచెవి పదునైదేండ్ల బాలిక చేతనున్నది. ఆమె నాయనమ్మ నడుము వంగినది. కూలికై బొంబాయికేగి బిడ్డలతో తిరిగివచ్చిన యొక కుటుంబము పేరు పట్టికలో లేదు. ఆ బాలిక యేమి చేయవలెను?

యంత్రము పనిచేయు తీరు రెండు వాక్యములలో ముగింపుడు. బాలిక హృదయమునకు రెండు పుటలు కేటాయింపుడు. బదులు సులభముగా దొరకినచో కథ యింకను పూర్తికాలేదని యెఱుంగుడు. తల్లిదండ్రులారా! అట్టి కథ వ్రాయు బిడ్డను వారింపకుడు; చదివించి వినుడు.