రాజద్రాక్షకు రెండు కత్తిరింపులు

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో తెలుగువారు తరతరాలుగా నివసిస్తున్న పేట ఖరిదా. అక్కడి బజారుకు ద్రాక్షపండ్లు దూరప్రాంతాల నుంచి రావలసిందే. ఆ ప్రాంతంలో ఏడాదికి సుమారు 1500 మిల్లీమీటర్ల వాన పడుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే ద్రాక్ష ఆకులకు, పూగుత్తులకు బూజు తెగులు సోకుతుంది. అందులో సగానికి కాస్త ఎక్కువ వాన మాత్రమే పడే హైదరాబాద్ చుట్టుపక్కల ఒకప్పుడు ద్రాక్ష పందిళ్లు విస్తారంగా ఉండేవి.

దక్కనుకు ద్రాక్ష కొత్త కాదు. 14వ శతాబ్దంలో దౌలతాబాద్ చూసిన యాత్రికుడు ఇబ్న్ బతూతా, అక్కడ ద్రాక్ష ఏడాదికి రెండుసార్లు కాస్తుందని రాశాడు. హైదరాబాద్‌లో ఈ సాగు నిజాముల కాలంలో వేళ్లూనుకుంది. అక్కడ పేరుపొందిన రకం అనాబ్-ఎ-షాహీ. ఆ పేరుకు రాజద్రాక్ష అని అర్థం.

చలిదేశాల్లో ద్రాక్షతీగ శీతాకాలంలో ఆకులు రాల్చి నిద్రపోతుంది. వసంతంలో చిగురించి కాస్తుంది. హైదరాబాద్‌లో అంత చలి లేదు కాబట్టి తీగ నిద్రపోదు. ఆ లోటును రైతు కత్తెర తీరుస్తుంది. ఏప్రిల్‌లో కొమ్మలను ఒకటి రెండు కణుపులు మిగిల్చి కత్తిరిస్తారు. కొత్త కొమ్మలు పెరుగుతాయి. వాటి మొగ్గల్లో పూగుత్తుల అంకురాలు ఏర్పడేది ఎండాకాలంలోనే. అప్పుడు ఆకులకు తగినంత వెలుతురు అందకపోతే ఆ తర్వాతి పంట తగ్గిపోతుంది. అక్టోబరులో రెండోసారి కత్తిరిస్తే ఆ మొగ్గలు విచ్చుకుంటాయి. ఎండలు ముదిరేలోగా పండ్లు కోతకు వస్తాయి. కత్తిరింపులు రెండు, పంట ఒకటే.

ఈ పండు వైన్‌కు కాక తినడానికే పేరుపొందింది. దీని రసంలో చక్కెర సుమారు 15 శాతం. ఈస్టు ఆ చక్కెరను పులియబెడితే 8, 9 శాతం ఆల్కహాలు మాత్రమే వస్తుంది. మామూలు వైన్‌కు 12 శాతం దాకా కావాలి, అంటే రసంలో 20 శాతానికి మించి చక్కెర ఉండాలి. పైగా వైన్ ద్రాక్ష కాయలు చిన్నవి. రసంతో పోలిస్తే తొక్క పాలు ఎక్కువ కాబట్టి రంగు, వగరు దండిగా దిగుతాయి. అనాబ్-ఎ-షాహీ కాయలు పెద్దవి, రసభరితమైనవి.

కాలక్రమంలో గింజల్లేని థాంప్సన్ రకానికి గిరాకీ పెరిగింది. ద్రాక్ష సాగులో మహారాష్ట్ర ముందుకు వెళ్లింది. హైదరాబాద్ శివార్లలో పందిళ్లు ఉన్న నేల ఇళ్ల స్థలాలుగా మారింది. ఏటా రెండుసార్లు కత్తిరించడం, మందు చల్లడం, నీరు పెట్టడం వంటి శ్రమతో పోలిస్తే స్థలం అమ్మితే వచ్చే సొమ్మే ఎక్కువైంది.

ద్రాక్ష గింజ నాటితే తల్లితీగను పోలిన తీగ రాదు. అదే రకం కావాలంటే కొమ్మ ముక్కనే నాటాలి, లేదా అంటు కట్టాలి. అందువల్ల అనాబ్-ఎ-షాహీని గింజల రూపంలో దాచిపెట్టుకోవడం కుదరదు. ఎక్కడో ఒకచోట తీగ బతికి ఉండాలి. దాన్ని ఎప్పుడు, ఎక్కడ కత్తిరించాలో తెలిసిన చేయి ఉండాలి.