లావు సోల్ షూ గురించి కోడలు పిల్లకి

చిరంజీవి కోడలు పిల్లకి,

నీ ఉత్తరం అందింది. గ్రౌండ్‌కి వచ్చేవాళ్లలో సగం మంది కొత్తగా వచ్చిన లావు సోల్ షూ గురించే మాట్లాడుకుంటున్నారనీ, తొడుక్కున్న ప్రతివాళ్లూ దూది మీద అడుగేసినట్టుందంటున్నారనీ, కొనుక్కోమంటావా అనీ అడిగావు. కొనుక్కో అనో వద్దనో ఒక్క ముక్క రాసి పడేస్తే ఈసారికి పని జరిగిపోతుంది. వచ్చే ఏడాది ఇంకో షూ దిగితే మళ్లీ నన్నే అడగాలి. అందుకని వివరంగా రాస్తున్నాను. ఓపిగ్గా చదువు.

షూ గురించి ఎవరేం చెప్పినా ఆ మాటలో సగం షూ గురించి, మిగతా సగం చెప్పినవాళ్ల ఒంటి గురించి. వాళ్ల బరువెంత, ఏ నేల మీద పరిగెడతారు, ఎంత వేగంగా, ఎంత దూరం? ఈ నాలుగూ అడగకుండా విన్న అభిప్రాయం నీకు ఎందుకూ పనికిరాదు. రాజమండ్రిలో పొద్దున్నే పరిగెత్తేవాళ్లతో మాట్లాడుతూ ఉంటాను కాబట్టి చెబుతున్నాను. నలభై అయిదు దాటిన బ్యాంకు ఉద్యోగి ఒకాయన, మంచి ఒళ్లున్న మనిషి, సీసీ రోడ్డు మీద నెమ్మదిగా అయిదు కిలోమీటర్లు వెళ్లొస్తాడు. ఈ షూ వేశాక మోకాళ్లు తేలిగ్గా ఉన్నాయంటాడు. ఆర్మీ సెలక్షన్‌కి తయారవుతున్న కుర్రాడు, బక్కపల్చటివాడు, అదే షూ వేసుకుని స్పీడు పెంచగానే అడుగు కిందికి దిగబడుతోందనీ, తోసుకుని పైకి లేవడానికి టైం పడుతోందనీ విసుక్కుంటాడు. పొద్దున లేవగానే మడమ నొప్పితో బాధపడే టీచరమ్మ ఒకావిడ మడమకి హాయిగా ఉంది గానీ పిక్కలు పట్టేస్తున్నాయంటుంది. ముగ్గురు చెప్పిందీ నిజమే. షూ ఒకటే, మోసే ఒళ్లు మూడు.

అసలీ లావు సోల్ ఎక్కడ పుట్టిందో తెలిస్తే సగం సంగతి అర్థమవుతుంది. 2009లో ఫ్రాన్సులో, ఆల్ప్స్ కొండల దగ్గరున్న ఆనెసీ ఊళ్లో నికోలా మెర్మూ, జాఁ లుక్ దియార్ అనే ఇద్దరు హోకా కంపెనీ పెట్టారు. ఇద్దరికీ కొండల్లో పరుగు అలవాటు. రాళ్ల బాటలో కొండ దిగుతున్నప్పుడు మోకాళ్ల మీద పడే దెబ్బని కాచుకుంటూనే వేగంగా దిగాలన్నది వాళ్ల ఆలోచన. ఆ రోజుల్లో లోకం అంతా ఎదురు దిక్కుకి పోతోంది. పల్చటి సోలే మేలనీ, వట్టి కాళ్లయితే ఇంకా మేలనీ పుస్తకాలొచ్చాయి. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో వట్టి కాళ్లతో మారథాన్ గెలిచిన అబెబె బికిలా పేరు మళ్లీ అందరి నోటా నానింది. ఆ గాలికి ఎదురు నిలిచి వీళ్లు రెట్టింపు మందం సోల్ చేశారు. పదేళ్లు తిరక్కుండానే పెద్ద కంపెనీలన్నీ అదే దారి పట్టాయి.

ఇది కొండ దిగడానికి పుట్టిన బూటన్నమాట. మన డెల్టాలో కొండేదీ? లాకుల దగ్గర గట్టు ఎక్కే ర్యాంపు, కొవ్వూరు వైపు 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన ఎక్కే వాలు, అంతే మనకున్న ఎత్తుపల్లాలు. నాకు పనికిరాదని తేల్చెయ్యకు, అలాగని మన నేల సంగతి మర్చిపోయీ కొనకు.

మడమకీ నేలకీ మధ్య ఏం జరుగుతుందో చూద్దాం. పరుగులో ఒక్కో అడుగుకి నేల తిరిగి మన మీదికి నెట్టే బలం ఒంటి బరువుకి సుమారు రెండు మూడు రెట్లు ఉంటుంది. యాభై కిలోల పిల్లవి, నీ ఒక్కో కాలు మోసేది వందా, నూట యాభై కిలోలు. సోల్ మధ్యలో ఉండే ఫోమ్ ఆ బలాన్ని మాయం చెయ్యదు. అది పడే సమయాన్ని కాస్త సాగదీస్తుంది, అంతే. మామూలు షూలలో ఆ ఫోమ్ ఈవీఏ, అంటే లోపల లెక్కలేనన్ని చిన్న గాలి గదులున్న ప్లాస్టిక్కు. అణిగి మళ్లీ లేస్తుంది. ఖరీదైన వాటిలో ఇప్పుడు పెబా అనే ఇంకో రకం వస్తోంది. అది తేలిక, అణిగినప్పుడు తీసుకున్న శక్తిలో ఎక్కువ భాగం తిరిగిస్తుంది.

మెత్తగా ఉంటే దెబ్బ తగ్గాలి కదా అంటావు. అక్కడే ఉంది మెలిక. కింద మెత్తగా ఉందని తెలియగానే కాలు తనంతట తనే బిగుసుకుంటుంది. గట్టి నేలైతే మోకాలు కాస్త ఎక్కువ వంచి దిగేది, మెత్తదైతే నిటారుగా దిగుతుంది. 2018లో ఫిన్లాండు పరిశోధకులు లావు సోల్ షూనీ మామూలు షూనీ కొద్దిమంది రన్నర్లకి తొడిగి కొలిస్తే, వేగం పెరిగినప్పుడు లావు సోల్‌లోనే మొదటి దెబ్బ ఎక్కువగా పడింది. మన కుర్రాడి విసుగు నాకు కొత్తగా అనిపించకపోవడానికి కారణం అదే.

అయితే 2020లో లక్సెంబర్గ్ నుంచి వచ్చిన పరిశోధన ఇంకో మాట చెప్పింది. 848 మందికి పైకి ఒకేలా ఉండే రెండు రకాల షూలు ఇచ్చారు, ఒకటి మెత్తనిది, ఒకటి గట్టిది. ఎవరికి ఏది వచ్చిందో వాళ్లకి చెప్పలేదు. ఆరు నెలలు గమనిస్తే గట్టి షూ వేసుకున్నవాళ్లకి గాయాల ముప్పు దాదాపు ఒకటిన్నర రెట్లు ఉంది. ఇంకా విశేషం ఏమిటంటే, మెత్తని షూ వల్ల మేలు కనిపించింది బరువు తక్కువున్నవాళ్లలోనే. లావుపాటివాళ్లకే మెత్తటి సోల్ కావాలని షాపుల్లో అందరూ చెప్పే మాటకి ఇది పూర్తిగా ఎదురు. నువ్వు తేలికైన పిల్లవి కాబట్టి ఈ సంగతి నీకు పనికొస్తుంది. నేను నీకు లావు సోల్ వద్దని గట్టిగా చెప్పకపోవడానికి ముఖ్య కారణం ఇదే.

ఇక మన నేల. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా నిండా పారిన కాలవల గట్లే మన పల్లెటూళ్ల రన్నింగ్ ట్రాకులు. గట్టుని సరిగ్గా చూశావా? ట్రాక్టర్ టైర్లు తొక్కిన రెండు చాళ్లు గట్టిపడి ఉంటాయి, మధ్యలో గడ్డి. చాలు వదిలి పక్కకి జరిగితే నేల కాలవ వైపు వాలుతుంది. సోల్ ఎంత ఎత్తుగా, మెత్తగా ఉంటే ఆ వాలులో చీలమండ అంత తేలిగ్గా మడతపడుతుంది. ఫోమ్ ఒక పక్కకే అణిగి కాలుని ఇంకా వంచేస్తుంది. లావు సోల్ షూ వేసుకుని గట్టు మీద పరిగెత్తాల్సి వస్తే చాలు దాటకు. వెళ్లేటప్పుడు ఏ చాలులో వెళితే వచ్చేటప్పుడూ అదే చాలులో రా. అప్పుడు వాలు రెండు కాళ్లకీ సమానంగా పడుతుంది.

షూ తిరగేసి సోల్ చూడు. గట్టిగా ఉన్న ముక్కలు రబ్బరు, ఎక్కువగా నల్లగా ఉంటాయి. మిగతాదంతా, రంగు ఏదైనా సరే, వట్టి ఫోమే. గోరుతో నొక్కితే గుంట పడుతుంది. బరువు తగ్గించడానికి రబ్బరుని మడమ దగ్గర కొంచెం, ముందు కొంచెం అతికించి వదిలేస్తారు. ఊరి సీసీ రోడ్డు మీద అది చాలు. గ్రావెల్ రోడ్డు మీద మాత్రం రాయి నేరుగా ఫోమ్‌ని కొరుకుతుంది, మధ్య గాడిలో చిన్న కంకర ఇరుక్కుని కూచుంటుంది. వాన పడ్డాక నల్లమట్టి గట్టు సంగతి నీకు చెప్పక్కర్లేదు. వెడల్పు సోల్‌కి మట్టి ఇంకా ఎక్కువ పడుతుంది, పది అడుగుల్లో కాలు ఎత్తడమే కష్టమవుతుంది.

నువ్వు తయారవుతున్నది పోలీసు ఈవెంట్స్‌కి, అదే నీ అసలు పని. ఆంధ్రప్రదేశ్ కానిస్టేబుల్ సెలక్షన్‌లో ఆడపిల్లలకి 1600 మీటర్లకి ఇచ్చే సమయం 10 నిమిషాల 30 సెకన్లు. నాలుగొందల మీటర్ల గ్రౌండ్‌లో నాలుగు రౌండ్లు. రౌండుకి రెండున్నర నిమిషాలు పట్టినా పది నిమిషాల్లో అయిపోతుంది, ముప్ఫై సెకన్లు చేతిలో ఉంటాయి. అది మట్టి గ్రౌండ్, నేలే కొంత లొంగుతుంది. దాని మీద ఇంకా మెత్తటి సోల్ అంటే నువ్వు తోసిన తోపులో కొంత వృథా. ట్రాక్ మీద వేగం ముఖ్యమైన చోట సోల్ పల్చబడడం పైస్థాయిలోనూ చూస్తాం. మన మార్టేరు అమ్మాయి సత్తి గీత 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో 4×400 రిలే పరిగెత్తింది, 2006 దోహా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన రిలే జట్టులో ఉంది. ఆ దూరం పరిగెత్తేవాళ్లు వేసుకునే స్పైకుల్లో మడమ కింద మెత్తదనం దాదాపు ఉండదు. ప్రపంచ అథ్లెటిక్స్ సంఘం కూడా రోడ్డు పరుగుకి సోల్ 40 మిల్లీమీటర్ల దాకా ఒప్పుకుంటుంది, ట్రాక్ మీద పరుగు పందేలకి 2024 నవంబరు నుంచి 20 మిల్లీమీటర్లే. నీ సెలక్షన్‌కి ఈ నిబంధన వర్తించదనుకో, నేలని బట్టి సోల్ మారాలని చెప్పడానికి రాశాను.

టీచరమ్మ పిక్కల సంగతి కూడా చెప్పాలి. షూలో మడమ కింద ఎత్తుకీ వేళ్ల కింద ఎత్తుకీ ఉండే తేడాని డ్రాప్ అంటారు. చాలాకాలంగా వస్తున్న మామూలు షూలలో అది 10 మిల్లీమీటర్లు, అటూ ఇటూ. లావు సోల్ షూలు కొన్నిట్లో నాలుగైదే. చూడ్డానికి ఎత్తుగా ఉన్నా లోపల మడమ కిందికి దిగి ఉంటుంది, ఆ తేడా పిక్కల మీద, మడమ వెనక నరం మీద పడుతుంది. ఇంట్లో, పెరట్లో చెప్పుల్లేకుండా తిరిగిన నీలాంటివాళ్లకి ఇది తొందరగా అలవాటవుతుంది. ఆవిడకి మాత్రం వాడకం మెల్లగా పెంచమని చెప్పాను.

కాల్గరీ విశ్వవిద్యాలయంలో బెనో నిగ్ అనే ప్రొఫెసరు చాలా ఏళ్లు షూల మీద పని చేశాడు. కాలికి ఏది హాయిగా అనిపిస్తే అదే ఆ మనిషికి సరైనదని ఆయన ప్రతిపాదన. ఆ మాట మీద నాకు గురి ఉంది. కానీ ఏ హాయి? షాపులో టైల్స్ మీద నాలుగు అడుగులేస్తే వచ్చేది ఫోమ్ హాయి. నలభై నిమిషాలు పరిగెత్తాక, ఒళ్లు అలిసి, చెమటకి మేజోళ్లు తడిసి, అడుగు బరువెక్కినప్పుడు ఉండేదే కాలి హాయి. కొత్త షూ గురించి జనం చెప్పేదంతా మొదటి వారం మాటే. నెల తరవాత అదే మనిషిని మళ్లీ అడగడం నేర్చుకో. అప్పుడు దూది మాట ఎత్తరు. వేలి గోరు నల్లబడిందనో, ఎడమ మడమ దగ్గర సోల్ ముడతలు పడిందనో, లేకపోతే ఏ నొప్పీ లేదనో చెబుతారు. నీకు కావలసిన మాట అదీ.

నీ షూ గురించి నువ్వే రాసుకో. కొత్త జత వేసిన మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు, మామూలుగా వెళ్లే దూరంలో మూడో వంతే వెళ్లు. ఏ నేల, ఎంత దూరం, మర్నాడు పొద్దున మంచం దిగగానే ఎక్కడ పట్టేసింది, ఇవి రాస్తే చాలు. మనుషులు లేని చోట అడుగు చప్పుడు విను. షూ మార్చగానే టపటపమని చప్పుడు పెరిగిందంటే కాలు బిగబట్టి దించుతున్నావని. ఒక రోజు కుడికాలికి కొత్తది, ఎడమకాలికి పాతది తొడుక్కుని నాలుగడుగులు నడిచి చూడు, తేడా బాగా తెలుస్తుంది. దాంతో పరిగెత్తకు, ఎత్తులు తేడా వస్తాయి.

ఎండలో ఆరేస్తే ఫోమూ జిగురూ రెండూ పాడవుతాయి. మే నెలలో మేడ మీద వదిలేసిన షూ సోల్ ఊడి రావడం ఎవరింట్లోనైనా చూసే ఉంటావు. తడిస్తే లోపలి అట్ట తీసి, పాత పేపరు ఉండలు కుక్కి, ఫ్యాను కింద పెట్టు. పేపరు తడవగానే మార్చు. అణిగిన ఫోమ్ పూర్తిగా లేవడానికీ కాస్త విరామం కావాలి. రెండు జతలు మార్చి మార్చి వేసుకునేవాళ్లకి గాయాలు తక్కువని ఆ లక్సెంబర్గ్ వాళ్లే ఇంకో పరిశీలనలో చూశారు. అయిదారు వందల కిలోమీటర్లు దాటాక సోల్‌ని బొటనవేలితో నొక్కి చూస్తుండు. నొక్కినప్పుడు పడ్డ గీతలు అలాగే ఉండిపోతుంటే దాని పని అయిపోయినట్టే.

ఇంతకీ నా నిర్ణయం అడిగావు. పదివేలు దాటే జత నీకిప్పుడు అక్కర్లేదు. ఓ మాదిరి మందం సోల్ షూ మూడు వేల లోపు దొరుకుతుంది. దాన్ని సీసీ రోడ్డు మీద వారంలో చేసే దూరప్పరుగులకి వాడు. గ్రౌండ్‌లో రౌండ్లకీ సెలక్షన్ రోజుకీ నీ పాత పల్చటి జతే ఉంచు. పెద్ద కంపెనీ పేరుతో బజారులో సగం ధరకి వచ్చే నకిలీల జోలికి పోవద్దు. పైకి అచ్చం అలాగే ఉంటాయి, లోపల ఫోమ్ రాయిలా ఉంటుంది.

షాపుకి సాయంత్రం వెళ్లు, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. పరుగుకి వేసే మేజోళ్లే తొడుక్కుని వెళ్లు. రెండు కాళ్లకీ వేసి నిలబడినప్పుడు పెద్ద వేలి ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. మన పాదాలు ముందువైపు వెడల్పు కాబట్టి చిటికెన వేలు అంచుకి తగులుతుంటే సైజు పెంచి ఊరుకోకు, వెడల్పు రకం ఉందేమో అడుగు. డబ్బుల గురించి మీ అమ్మని ఇబ్బంది పెట్టకు, ధర తెలియగానే నాకు ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ మావయ్య