ఇంటి కొయ్యకు నూనె పూత: పనీ, పద్దూ

అమెరికాలో స్థిరపడిన మనవారు ఇంటి వెనుక చెక్క వేదికకు ఏటేటా తామే రంగుపూత వేసుకొంటారని వింటూ ఉంటాము. మర్పల్లి ప్రాంతంలో నేల కొయ్యది కాదు, తాండూరు నాపరాయిది. అయినా పాత ఇళ్లలో దాలాను స్తంభాలు, దర్వాజలు, కిటికీలు కొయ్యవే. ఎండా వానా తినేది వాటినే. ఆ పనిని మన చేతులతో చేసుకొనదలచినప్పుడు ముందుగా అంచనా ఎట్లా వేయవలెనో విద్యార్థులకు తెలుపుట ఈ వ్యాసోద్దేశం. అంచనాను ఉర్దూలో తఖ్మీనా అంటారు. తఖ్మీనా లేకుండా పని మొదలుపెట్టి మేము నష్టపోయిన సంగతి కూడా దాచము.

కొన్నేళ్ల క్రిందట మే నెల నడుమ మా ఇంటి స్తంభాల పాత రంగు గీకడం ఆరంభించినాము. చేతిలోని సొమ్మంతా నూనెకే వెచ్చించినాము. గరుకు కాగితం, టర్పెంటైన్, కుంచెలు, లప్పం లెక్కలోనికి రానేలేదు. నెలాఖరుకు చేయి ఖాళీ అయినది. రెండు స్తంభాలు బట్టలు విప్పిన బిడ్డల వలె నిలిచిపోయినవి. జూన్ రెండవ వారంలో వాన దిగినది. స్తంభం అడుగున, రాతి దిమ్మె మీద ఆనే చోట, కొయ్య నీరు పీల్చి ఉబ్బి నల్లబడినది. ఆ ముక్క కోసి కొత్త ముక్క అతికించిన వడ్రంగి కూలి, మేము కొన్న నూనె వెలను మించిపోయినది.

కనుక మొదట కొలత. ఒక దాలానును ఉదాహరణగా తీసుకొందాము. అర అడుగు చదరపు స్తంభం, 8 అడుగుల ఎత్తు: నాలుగు ముఖాలకు 16 చదరపు అడుగులు. ఆరు స్తంభాలకు 96. దర్వాజ 7 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. రెండు వైపులా కలిసి 56, చౌకట్టుకు సుమారు 14, వెరసి 70. నాలుగు అడుగులకు మూడు అడుగుల కిటికీలు నాలుగు, రెండు వైపులా 96. మొత్తం 262. చిల్లర మూలలకు కలిపి 270 అనుకొందాము.

ఇక నూనె. ఎండిన పాత కొయ్యకు దాహం ఎక్కువ. మొదటి పూతలో లీటరు 75 చదరపు అడుగులకు మించి రాదని లెక్క వేసుకొనుట క్షేమం. కడపటి రెండు పూతలకు లీటరు 110 వరకు సాగవచ్చును. ఆ లెక్కన మొదటి పూతకు 3.6 లీటర్లు, తక్కిన రెంటికి దాదాపు 4.9, మొత్తం ఎనిమిదిన్నర. పదో వంతు అదనంగా చేర్చి 10 లీటర్లు కొనవలెను. ఆ మొదటి పూతను ఉర్దూలో అస్తర్ అంటారు. బట్టకు లోపలి పొరకూ అదే పేరు. లోపలి పొర సరిగా లేని షేర్వాణీ ఎన్నాళ్లు నిలుస్తుందో పాఠకులే ఊహించుకోవచ్చును.

లీటరు 400 రూపాయలు అనుకొంటే నూనెకు 4,000. (ఈ ధర కేవలం లెక్క కొరకు. వికారాబాదులోనో తాండూరులోనో దుకాణంలో అడిగి మార్చుకొనవలెను.) గరుకు కాగితం, కుంచెలు, టర్పెంటైన్, లప్పం, ముక్కుగుడ్డలకు 1,500. ఈ 5,500 మీద నూటికి 15 వంతున 825 ఎదురుచూడని ఖర్చుకు. వెరసి 6,325. మేము ఆనాడు మరచినవి ఆ 1,500, 825. అంటే మొత్తంలో మూడో వంతు కంటే అధికం! పూర్తి సొమ్ము చేతికి రాకపోతే అన్ని స్తంభాలనూ ఒకేసారి గీకరాదు. ఒక్కటి గీకి, దానికి మూడు పూతలూ ముగించిన పిమ్మటనే రెండవదానిని తాకవలెను.

నూనె విషయంలో ఒక మాట. పచ్చి అవిసె నూనె ఆరడానికి రోజుల తరబడి పట్టుతుంది. దుకాణాల్లో రెండుమార్లు కాచినదని అమ్మే నూనె పొడి గాలిలో సుమారు ఒక దినంలో ఆరుతుంది. అయితే వాన జల్లు నేరుగా కొట్టే స్తంభాలకు నూనె ఒక్కటే చాలదు. బూజు పట్టి నల్లబడుతుంది. అక్కడ బయటి కొయ్య కొరకు తయారైన పూతనే వాడవలెను.

గీకుడు పనిలో ప్రాణాపాయం ఉన్నదని చాలామందికి తెలియదు. పాత రంగుల్లో సీసం ఉండేది. ఇంటి రంగుల్లో సీసం పదిలక్షల వంతుల్లో 90కి మించరాదన్న నియమం మన దేశంలో 2017 నవంబరు నుండి మాత్రమే అమలులోనికి వచ్చినది. అంతకు ముందరి రంగును పొడిగా గీకితే ఆ ధూళి పసిపిల్లల మెదడుకు చేటు. కొయ్యను తడిపి గీకవలెను. పిల్లలను ఆ పూటకు బంధువుల ఇంటికి పంపవలెను. నేలను చీపురుతో ఊడ్వక తడిగుడ్డతో తుడవవలెను. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడవేయరాదు. వాటంతటవే వేడెక్కి అంటుకొంటాయి. నీటిలో నానబెట్టుటో, ఆరుబయట పరచి ఆరవేయుటో చేయవలెను.

కాలనిర్ణయంలో పండుగను నమ్ముకోరాదు. మన ఇళ్లలో రంజానుకు ముందు సున్నం వేయించుట ఆచారం. కాని చాంద్రమానం వల్ల రంజాను ఏటా పది పదకొండు రోజులు వెనుకకు జరుగుతూ ఒకనాడు ఎండల్లో, ఒకనాడు వానల్లో వస్తుంది. దసరాకు చేసుకొనే ఇరుగుపొరుగు వారికీ చిక్కే. వానలు అప్పుడే వెలిసి కొయ్యలో తేమ ఇంకా ఉంటుంది. సున్నం పండుగను అనుసరించవచ్చును, నూనె మాత్రం కొయ్యను అనుసరించవలెను. ఫిబ్రవరి, మార్చి నెలలు అన్నింటికన్న మేలు. మేలో మండుటెండలో వేస్తే పైన త్వరగా ఆరి కుంచె గీతలు నిలిచిపోతాయి. తప్పనప్పుడు ఉదయపు నీడలో వేయవలెను.

పని ముగిసిన తరువాత మిగిలిన నూనెను డబ్బా మూత బిగించి దాచవలెను. మరుసటి ఫిబ్రవరిలో స్తంభం అడుగున కొన్ని నీటి చుక్కలు చల్లి చూడండి. చుక్కలు ముత్యాల వలె నిలిస్తే ఆ యేడు కుంచె పట్టనక్కరలేదు. ఇంకిపోతే ఆ అడుగు జానెడు మేరకు, దాచిన నూనెతో ఒక్క పూత చాలును.