బ్యాటరీకి చిల్లు ఎక్కడ పడింది?

మా బడిలో లెక్కల మాస్టారు ఆమధ్య ఒక పాత కారు కొన్నారు. బడికి సైకిలు మీదే వస్తారు. కారును ఆదివారం మాత్రమే బయటకు తీస్తారు. అయితే ఆదివారం ఉదయం తాళం తిప్పితే 'టక్' మనడమే గాని ఇంజను కదలదు. వీధిలో పిల్లలందరూ కలిసి తోయవలసిందే. బ్యాటరీ పాతబడిందని దుకాణంలో చెబితే నాలుగున్నర వేలు పోసి కొత్తది వేయించారు. మరుసటి ఆదివారానికి అదీ డౌనయింది. "ఎంతకో కొంతకు అమ్మేస్తాను మాస్టారూ" అన్నారు విసుగ్గా. పదో తరగతి చదివే వాళ్ళబ్బాయి మాత్రం నన్ను ఒక ప్రశ్న అడిగాడు. "సార్, బ్యాటరీ కొత్తదే కదా, మరి అందులోని విద్యుత్తు ఎక్కడికి పోతున్నట్టు?"

అడగవలసిన ప్రశ్న అదే. శనివారం సాయంత్రం ముగ్గురం కలిసి వెతకడం మొదలుపెట్టాం.

కారు బ్యాటరీలో 6 ఘటాలు శ్రేణిలో ఉంటాయని మీరు చదివే ఉంటారు. ఒక్కో ఘటం సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది. కనుక నిండుగా చార్జి అయిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపుతుంది. అది విద్యుత్తు ఇస్తున్నకొద్దీ లోపలి సీసపు పలకల మీద లెడ్ సల్ఫేటు పేరుకుంటుంది. ఇంజను నడుస్తున్నప్పుడు ఆల్టర్నేటరు చార్జి చేస్తే ఆ సల్ఫేటు తిరిగి విడిపోతుంది. ఖాళీ అయిన బ్యాటరీని రోజుల తరబడి అలాగే వదిలేస్తే సల్ఫేటు పెద్ద స్ఫటికాలుగా గట్టిపడుతుంది. అప్పుడది సులభంగా విడిపోదు. మాటిమాటికీ డౌనయ్యే బ్యాటరీ చివరకు నిజంగానే పాడవడానికి కారణమిదే. మాస్టారి తొందరలో న్యాయం లేకపోలేదు.

తాళం తీసేసినా కారు పూర్తిగా నిద్రపోదు. గడియారం, రేడియో జ్ఞాపకశక్తి, దొంగల అలారం వంటివి కొద్దికొద్దిగా తాగుతూనే ఉంటాయి. సాధారణంగా ఇవన్నీ కలిపి 50 మిల్లీఆంపియర్లు దాటవు. అంతకు మించితే చిల్లు పడిందన్నమాట.

ఆ ప్రవాహాన్ని కొలవడానికి మల్టీమీటరును అమ్మీటరుగా వాడాం. ముందుగా ఎర్ర తీగను మీటరులో 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చాం. తాళం తీసేసి బ్యాటరీ రుణధ్రువపు క్లాంపును విప్పాం. ధనధ్రువం కాకుండా రుణధ్రువమే ఎందుకో తెలుసా? కారు ఇనుప శరీరమంతా రుణధ్రువానికే కలిపి ఉంటుంది. ధనధ్రువం విప్పేటప్పుడు స్పానరు పొరపాటున శరీరానికి తగిలితే షార్టు సర్క్యూటై స్పానరు కాలిపోయేంత వేడెక్కుతుంది. రుణధ్రువం విప్పేటప్పుడు తగిలినా ప్రమాదం లేదు. తరువాత మీటరు ఒక తీగను రుణధ్రువానికి, రెండోదాన్ని విప్పిన క్లాంపుకు తగిలించాం. ఇప్పుడు కారులోకి పోయే ప్రతి ఆంపియరూ మీటరు గుండానే పోవాలి. ఇది శ్రేణి సంధానం. అమ్మీటరు నిరోధం చాలా తక్కువ. దాన్ని తెలియక రెండు ధ్రువాల మధ్య పెడితే షార్టు సర్క్యూటే. మీటరు ఉండగా తాళం కూడా తిప్పకూడదు. స్టార్టరు మోటారు వంద ఆంపియర్లకు పైగా లాగగలదు. మీటరు ఆ భారం తట్టుకోలేదు.

(మీ ఇంట్లో చేస్తే పెద్దవాళ్ళను పక్కనే ఉంచుకోండి. చేతి ఉంగరాలు తీసేయండి. చార్జింగు సమయంలో బ్యాటరీ నుంచి హైడ్రోజను వస్తుంది గనుక దగ్గర నిప్పు, నిప్పురవ్వ పనికిరావు. లోపలిది గంధకామ్లమని మరవకండి.)

మీటరు 0.44 ఆంపియర్లు చూపింది. "అంతేనా? అర ఆంపియరు కూడా లేదే!" అన్నారు మాస్టారు. వాళ్ళబ్బాయి కాగితం తీసుకున్నాడు. బ్యాటరీ 35 ఆంపియర్-గంటలది. 35ను 0.44తో భాగిస్తే సుమారు 80 గంటలు, అంటే మూడు రోజుల పైచిలుకు. స్టార్టరును తిప్పే సత్తా అంతకు ముందే పోతుంది. ఆదివారం నిలిపిన కారు మరుసటి ఆదివారానికి కదలకపోవడంలో వింతేముంది! లెక్కల మాస్టారు మరి మాట్లాడలేదు.

ఇక ఫ్యూజుల వంతు. కారులోని వలయాలు చాలావరకు ఒక్కొక్క ఫ్యూజు ద్వారా చీలుతాయి. ఒక్కో ఫ్యూజు తీస్తూ మీటరు చూస్తే, ఏది తీసినప్పుడు అంకె పడిపోతుందో దొంగ ఆ దారిలోనే ఉంటాడు. ఇక్కడొక చిక్కు వచ్చింది. ఫ్యూజుల పెట్టె స్టీరింగు కింద ఉంది. తలుపు తెరిస్తే లోపలి దీపం వెలుగుతుంది, అంకె పెరుగుతుంది. అందుకని ఆ అబ్బాయి తలుపు దగ్గర ఉండే చిన్న మీటను బొటనవేలితో నొక్కి పట్టుకుని కూర్చున్నాడు. మొదటి నాలుగు ఫ్యూజులకు మార్పేమీ లేదు. ఐదోది తీయగానే 0.02కు పడిపోయింది.

ఆ ఫ్యూజు మీద గడియారం, లోపలి దీపం, డిక్కీ దీపం ఉన్నాయి. గడియారానికి అంత ఆకలి ఉండదు. లోపలి దీపం ఆరిపోయే ఉంది. డిక్కీ మూసి ఉండగా దాని దీపాన్ని చూసేదెలా? అబ్బాయి మళ్ళీ ఫ్యూజు పెట్టి, సెల్‌ఫోనులో వీడియో ఆన్ చేసి డిక్కీలో ఉంచి మూత మూశాడు. తీసి చూస్తే వీడియో అంతా పట్టపగలులా ఉంది! మూత మూసినప్పుడు నొక్కుకోవలసిన స్విచ్చి వంగిపోయి, దీపం రాత్రింబవళ్ళు వెలుగుతోంది. అది 5 వాట్ల బల్బు. 5ను 12తో భాగించి చూడండి, మీటరులో తగ్గిన అంకె అదే. స్విచ్చిని సరిచేసేసరికి పని ముగిసింది. దానికి ఒక్క రూపాయి ఖర్చు కాలేదు.

ఎప్పుడూ ఇంత తేలిగ్గా దొరకదు. ఫ్యూజులన్నీ తీసినా అంకె తగ్గకపోతే ఆల్టర్నేటరును అనుమానించాలి. దానిలోని డయోడు విద్యుత్తును ఒకవైపే పోనివ్వాలి. అది పాడైతే బ్యాటరీ నుంచి వెనక్కి పారుతుంది. కొత్త కార్లలో మరో సంగతి ఉంది. వాటిలోని కంప్యూటర్లు తాళం వేసిన వెంటనే నిద్రపోవు. అరగంటో, ఇంకా ఎక్కువో ఆగి కొలవాలి. లేకుంటే పెద్ద అంకె చూసి అనవసరంగా కంగారుపడతారు. ఫ్యూజు తీసి పెడితే కూడా అవి మేలుకుంటాయి. అందుకని అనుభవం గల మెకానిక్కు ఫ్యూజును తీయకుండానే దాని రెండు కొసల మధ్య మిల్లీవోల్టులు కొలుస్తాడు. ఫ్యూజుకూ కొంచెం నిరోధం ఉంది గనుక, ప్రవాహం ఉన్నచోట ఓమ్ సూత్రం ప్రకారం చిన్న వోల్టేజి కనబడుతుంది.

మీకొక లెక్క: ఒక స్కూటరు బ్యాటరీ 5 ఆంపియర్-గంటలది. దాని అలారం 10 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది. ఇంటివారు వేసవిలో 40 రోజులు ఊరు వెళ్ళివస్తే స్కూటరు స్టార్టవుతుందా? వెళ్ళేముందు వాళ్ళు ఏం చేసి ఉండవలసింది?