కలుపు మందు – నేలలోని జీవులు – మన పేడ



గేదె తిన్న వరిగడ్డిని అరిగించేది దాని పెద్ద పొట్టలో ఉండే కోట్లాది సూక్ష్మజీవులని మనకు తెలుసు. నేల సంగతి కూడా అంతే. పెంటను కుళ్ళబెట్టేవి, యూరియాను పైరు పీల్చుకునే నైట్రేటుగా మార్చేవి, పిల్లిపెసర, మినుము వేళ్ళ బుడిపెల్లో గాలిలోని నత్రజనిని నిలిపేవి ఇటువంటి జీవులే.

మందు వలన కలిగే మార్పు

గ్లైఫోసేట్ మందు మొక్కలో కొన్ని ఎమైనో ఆమ్లాలు తయారు కాకుండా అడ్డుకొని దానిని చంపుతుంది. ఆ ఆమ్లాలు తయారయ్యే మార్గం పశువులలో లేదు గాని, నేలలోని అనేక బాక్టీరియాలోను, బూజులలోను ఉంది. ఏ కలుపు మందైనా సిఫారసు మోతాదులో ఒకసారి వాడితే తగ్గిన జీవుల పని సాధారణంగా కొన్ని వారాలలో కోలుకుంటుంది. మోతాదు మించినా, పదేపదే చల్లినా కోలుకోవడం ఆలస్యమవుతుంది. నైట్రేటు తయారుచేసే జీవులు మరీ సున్నితమైనవి.

2018 ఖరీఫ్‌లో, అనుమతి లేని కలుపు మందు తట్టుకునే పత్తి విత్తనం వ్యాపించిందని మన రాష్ట్ర ప్రభుత్వం గ్లైఫోసేట్ అమ్మకాలపై ఆంక్షలు పెట్టింది. అటువంటి పత్తిలో పైరు మీదనే మందు మళ్ళీ మళ్ళీ పడుతుంది.

ముఖ్యంగా గమనించవలసినది ఒకటున్నది. నేలలో పడిన మందును చాలావరకు విరగగొట్టేవి కూడా ఈ సూక్ష్మజీవులే. వాటికి మేత పెంట. చీరాల, వేటపాలెం ఇసుక నేలల్లో సేంద్రియ పదార్థం తక్కువ గనుక జీవులూ తక్కువే. మొక్కజొన్నకు వేసిన అట్రజిన్ నేలలో మిగిలితే తరువాత వేసిన మినుము, పెసర దెబ్బతింటాయి.

సభ్యులు చేయవలసినవి

1. మందును డబ్బాపై ఉన్న మోతాదు ప్రకారం కొలిచి వాడండి. చేతివాటంగా పోయరాదు.

2. మిరప, పత్తిలో వీలైనంతవరకు గుంటక, దంతె తోలండి. మందు అవసరం తగ్గుతుంది.

3. మందు చల్లిన గట్టు గడ్డిని కోసి గేదెలకు వేయరాదు.

4. అనుమానమున్న పొలం మట్టిని ఒక కుండీలోను, మందు పడని మట్టిని మరొక కుండీలోను నింపి పెసలు విత్తండి. రెండు వారాలలో తేడా తెలుస్తుంది.

5. తెల్లని నూలు గుడ్డ ముక్కలు రెండు తీసుకొని, మందు వాడిన మడిలో ఒకటి, వాడని మడిలో ఒకటి జానెడు లోతున పాతండి. రెండు మళ్ళకూ తడి, ఎరువు సమానంగా ఉండాలి. రెండు నెలలకు తవ్వి చూడండి. జీవులు చురుకుగా ఉన్నచోట గుడ్డ చివికిపోతుంది. నైలాన్ కలిసిన గుడ్డ పనికిరాదు.

పెంటను బండ్ల లెక్కన అమ్ముకొనే సభ్యులు ఒకసారి ఆలోచించాలి. ఆ డబ్బు ఒక్క సీజనులో ఖర్చయిపోతుంది. పెంట లేని నేలలో మందు మాత్రం నిలిచిపోతుంది. పాలు సంఘానికి పోయండి, పేడను మాత్రం పొలానికే చేర్చండి.