మామయ్యగారిని వీడియోలో చూపిస్తే చాలా?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది భద్రాచలం. మా మామయ్యగారికి 74 ఏళ్లు. రెండేళ్ల కింద హైదరాబాద్‌లో న్యూరాలజిస్టు పరీక్షలు చేయించి అల్జీమర్స్ అన్నారు. రాత్రి బస్సెక్కిస్తే దారి పొడవునా ‘మనింటికి పోదాం’ అంటూ లేచిపోతారు. తిరిగొచ్చాక రెండు రోజులు నిద్రపోరు, మమ్మల్ని కూడా గుర్తుపట్టరు. ఇకమీదట వీడియో కాల్‌లో చూపిస్తే సరిపోతుందా? అమెరికాలో ఉన్న మా మరిది తనే అక్కడి నుంచి డాక్టరుతో మాట్లాడతానంటున్నాడు.

జవాబు: చాలావరకు సరిపోతుందమ్మా. జబ్బేమిటో ఒకసారి నేరుగా చూసి తేల్చారు కాబట్టే ఈ మాట అంటున్నాను. కొత్తగా మతిమరుపు మొదలైనవాళ్లకు ఇలా చెప్పను. థైరాయిడ్, బి12 రక్తపరీక్షలు, మెదడు స్కానింగ్, నడక, కాళ్లూచేతుల బిగుతు ఫోన్‌లో తేలేవి కావు. నయం చేయగల కారణం ఏదైనా ఉంటే బయటపడేది ఆ పరీక్షల్లోనే.

మన దేశంలో 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం, అల్జీమర్స్ లాంటి డిమెన్షియా ఉన్నవారి తరఫున, వారు పక్కన లేకపోయినా, చూసుకునేవాళ్లు డాక్టరుతో మాట్లాడవచ్చు. డాక్టరు మాత్రం మన దేశంలో రిజిస్టరైనవారై ఉండాలి. మీ మరిది కాల్‌లో కలవనివ్వండి, మంచిదే. కానీ అన్నం తినిపించేదీ, రాత్రిళ్లు మేలుకునేదీ మీరు. మాట్లాడాల్సింది కూడా మీరే.

కాల్ పొద్దున పూట పెట్టించుకోండి. పొద్దుగూకేసరికి వీళ్లలో చాలామందికి తికమక, చికాకు పెరుగుతాయి. కళ్లద్దాలు, చెవి మిషను పెట్టి, టీవీ ఆపేసి, ఫోన్‌ను కదలకుండా దేనికైనా ఆనించండి. మీరు చెప్పదలచుకున్నవి ముందే రాసి పంపండి, లేదా పక్కగదిలోంచి విడిగా చెప్పండి. ఆయన ముందే ‘ఈయనకేమీ గుర్తుండదండీ, బట్టలు తడుపుకుంటున్నారు’ అనేవాళ్లను రోజూ చూస్తుంటాను. జ్ఞాపకం పోయినంత మాత్రాన అవమానం తెలియకుండా పోదు. డాక్టరును ముందు ఆయనతోనే రెండు మాటలు మాట్లాడమనండి. సాయంత్రం పూట ఆయన తిరిగే తీరును నిమిషం వీడియో తీసి పంపితే మాకు ఎంతో ఉపయోగం. అది డాక్టరు కోసమే, చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టేది కాదు.

వాడుతున్న మందులన్నీ కెమెరా ముందు పెట్టండి. జలుబు మాత్రలు, మూత్రం ఆగడానికి ఇచ్చే మాత్రలు కూడా. వాటిలో కొన్ని మతిమరుపును పెంచుతాయి. అల్జీమర్స్‌కు ఇచ్చే డోనెపెజిల్ వాడుతుంటే నాడి నెమ్మదించవచ్చు. అందుకే కాల్‌కు ముందు ఊళ్లోనే బీపీ, నాడి, బరువు చూపించి రాసిపెట్టుకోండి. గొడవ ఎక్కువైందని నిద్రమాత్రగానీ, ‘శాంతపరిచే’ మాత్రగానీ మీ అంతట మీరు పెంచవద్దు. మానసిక వ్యాధులకిచ్చే కొన్ని మందులతో డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లలో పక్షవాతం, మరణం ముప్పు పెరుగుతుంది. తప్పనిసరైతేనే, తక్కువ మోతాదులో, కొద్దికాలమే ఇస్తాం.

ఒకటి గట్టిగా చెప్పాలి. గంటల్లో లేదా ఒకటి రెండు రోజుల్లో ఆయన ఒక్కసారిగా మారిపోతే, మత్తుగా పడి ఉంటే, జ్వరం వస్తే, పడి తలకు దెబ్బ తగిలితే, మింగలేకపోతే, ఒకపక్క చేయి కాలు పడిపోతే వీడియో కాల్ కోసం ఎదురుచూడవద్దు. 108కి ఫోన్ చేసి దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లండి. అల్జీమర్స్ అంత వేగంగా ముదరదు. అలాంటప్పుడు తరచూ మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, సోడియం తగ్గడం, మెదడులో రక్తం చేరడం వంటివి కారణమవుతాయి. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది.

అంతా బాగానే ఉన్నా ఏడాదికోసారైనా నేరుగా చూపించండి. అది హైదరాబాదే కానక్కర్లేదు, దగ్గర్లోని ఫిజీషియన్ పరీక్ష చేసి వివరాలు పంపినా చాలు.

ప్రతి కాల్‌లో చివరి రెండు నిమిషాలు మీ నిద్ర గురించి, మీ నడుంనొప్పి గురించి కూడా డాక్టరుకు చెప్పండి. మనసు మరీ బరువెక్కిన రోజున ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఇది ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు, రాత్రయినా పలుకుతారు.