ఫోను తెరకు తాళము: ముందుగా పాత ఫోనులో నేర్చుకొందము



బ్యాంకు ఖాతా, ఆధార్ కార్డు ఫోటో, పిల్లల ఫీజులు, స్వగ్రామములోని పెద్దలకు పంపే డబ్బు, ఇవన్నీ ఇప్పుడు మన చేతిలోని ఫోనులోనే ఉన్నవి. అయినను మనలో అనేకుల ఫోను తెర వేలితో ప్రక్కకు నెట్టగానే తెరచుకొనును. తాళము ఎందుకు పెట్టలేదని మేము అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: "మరచిపోతే ఎలాగండీ?"

ఆ భయము వట్టిది కాదు. తాళము సంఖ్య మరచిన ఫోనును రిపేరు అంగడిలో ఇస్తే, సాధారణముగా లోపలిదంతా తుడిచివేసి ఇస్తారు. ఫోటోలు తిరిగి రావు. కాబట్టి రోజూ వాడే ఫోను జోలికి పోకుండ, ముందు ఇంట్లో మూలనున్న పాత ఆండ్రాయిడ్ ఫోనులో ఈ పని నేర్చుకొనండి. యాప్‌లు తయారుచేసేవారు కూడ ఇట్లే పరీక్షకని వేరొక ఫోను ఉంచుకొంటారు.

ఆ పాత ఫోనులో కావలసినవి ఏమైనా ఉంటే వేరేచోట దాచి, సిమ్ తీసివేయండి. తరువాత సెట్టింగ్స్‌లోనికి వెళ్లి గూగుల్ ఖాతాను తొలగించండి. ఇది మరువరాదు. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.1 నుండి ఒక ఏర్పాటు ఉన్నది: తాళము తెలియనివారు ఫోనును తుడిచివేసినను, తిరిగి ఆన్ చేసినప్పుడు అది పాత గూగుల్ ఖాతాను అడుగును. దొంగకు అది మంచి అడ్డు. ఆ ఖాతా పాస్‌వర్డ్ గుర్తులేని మనకును అదే అడ్డగును.

ఇక సెట్టింగ్స్‌లో "సెక్యూరిటీ" అనేచోట (కొన్ని కంపెనీల ఫోన్లలో "లాక్ స్క్రీన్" అని వేరుగా ఉంటుంది) "స్క్రీన్ లాక్" నొక్కండి. కొన్న దుకాణములో ఫోనును కన్నడములోనో తమిళములోనో ఒడియాలోనో పెట్టి ఇచ్చియుంటే, ముందు భాషల జాబితాలో తెలుగును ఎన్నుకొనండి. చదవలేని ప్రశ్నకు "సరే" అని నొక్కడము వలననే సగము చిక్కులు వస్తాయని మా అభిప్రాయము.

అక్కడ స్వైప్, ప్యాటర్న్, పిన్, పాస్‌వర్డ్ అని కనబడును. స్వైప్ తాళమే కాదు. గడియ లేని తలుపు వంటిది. ప్యాటర్న్ అనగా తొమ్మిది చుక్కలను గీతతో కలుపుట. లెక్కకు 3,89,112 గీతలు సాధ్యమే. కాని మనుషులు గీసేది తరచుగా ఒక ఇంగ్లీషు అక్షరము ఆకారమే, అదియు పై ఎడమ మూల నుండి. పైగా వేలి జిడ్డు తెరమీద గీతగా నిలుచును. ఆ మరకను ఫోటో తీసి ప్యాటర్న్‌ను కనిపెట్టవచ్చునని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లోనే చూపించారు. నాలుగు అంకెల పిన్ అయితే 10,000 విధములు మాత్రమే. ఆరు అంకెలకు 10,00,000. మేము ఆరు అంకెలనే కోరుతాము. పుట్టిన తేదీ వద్దు, 123456 అసలే వద్దు. డబ్బు పంపేటప్పుడు కొట్టే యూపీఐ పిన్‌నే ఇక్కడ పెట్టవద్దు. బస్సులో ప్రక్కన కూర్చున్నవాడు ఒకటి చూస్తే రెండును తెలిసిపోవును.

"మాకు వేలిముద్ర ఉన్నది, పిన్‌తో పనేమి?" అనువారు ఉన్నారు. పిన్, ప్యాటర్న్, పాస్‌వర్డ్‌లలో ఒకటి పెట్టనిదే ఫోను వేలిముద్రను తీసికొనదు. ఆ పాత ఫోనును ఒకసారి ఆపివేసి తిరిగి ఆన్ చేసి చూడండి: వేలు ఎంత అదిమినను తెరవదు, పిన్‌నే అడుగును. లోపలి సమాచారము రహస్య లిపిగా మార్చబడియుండును. దానిని విప్పే తాళపుచెవి పిన్ కొట్టిన తరువాతనే సిద్ధమగును. మరచిన పిన్‌కు అంగడిలో మందు లేకపోవుటకు కారణము ఇదే. నెలల తరబడి వేలితోనే తెరచి, ఒకనాడు బ్యాటరీ అయిపోయి ఫోను ఆగినప్పుడు, పిన్ గుర్తురాక కంగారుపడేవారు వీరే. తాపీపని, పొలముపని చేసి వేళ్లు అరిగిన పెద్దల ముద్రను ఫోను తరచుగా గుర్తించదు కూడ. వారికి పిన్ ఒక్కటే చాలును.

కాబట్టి పాత ఫోనులో వారము రోజులు, పూటకొకసారి, ఆపి ఆన్ చేసి పిన్ కొట్టండి. అంకెలు వేళ్లకు అలవాటు కావలెను. మరచిపోతే ఏమీ పోదు, తుడిచి మళ్లీ మొదలుపెట్టవచ్చును. వారము గడచిన తరువాత మీ అసలు ఫోనులోని ఫోటోలకు నకలు తీసి ఉంచి, అదే పిన్ పెట్టండి. అంకెలను కాగితము మీద వ్రాసి ఇంటి పత్రములతో బీరువాలో ఉంచవచ్చును. ఫోను కవరులో మాత్రము పెట్టవద్దు.

తాళము వేసిన తెరమీద కూడ ఓటీపీ సందేశము కనబడుచుండును. నోటిఫికేషన్స్ సెట్టింగులలో లాక్ స్క్రీన్ మీద రహస్య విషయములు దాచే వీలున్నది, దానిని ఎన్నుకొనండి. తెర 30 సెకన్లలో ఆరునట్లు పెట్టుకొనండి.

ఒకటి మిగిలినది. ఫోనుకు తాళమున్నను దొంగ సిమ్ తీసి తన ఫోనులో వేసికొంటే ఓటీపీలు అక్కడికి పోవును. అందుకు సిమ్‌కు వేరే పిన్ ఉన్నది, అదియు సెక్యూరిటీ సెట్టింగులలోనే. దీనిని ఊహించి కొట్టరాదు. మొదటి అంకెలు ఏవో సిమ్ కంపెనీవారినే అడగండి. మూడుసార్లు తప్పితే సిమ్ మూసికొని పియుకె అనే సంఖ్యను అడుగును. అది కంపెనీవారు ఇస్తారు. ఆ సంఖ్య కూడ పదిసార్లు తప్పితే ఆ సిమ్ ఇక పనికిరాదు, క్రొత్తది తీసికొనవలెను.